వేరు ఉంచి కోసుకుందాం



ఈరోజు మీకు తమిళనాడు రామనాథపురం జిల్లా ఆడవాళ్ళ సంగతి చెబుతాను. అక్కడ మన్నార్ సింధుశాఖలో 21 దీవులున్నాయి. వాటి చుట్టూ సముద్రపు నాచు పెరుగుతుంది. వాళ్ళు పాసి అంటారు. కంజిపాసి అని తినే రకం ఒకటుంది. కంజి అంటే మన గంజే. జెల్లీ గట్టిపడటానికి వేసే అగర్ ఇలాంటి నాచు నుంచే తీస్తారు. ఆడవాళ్ళు వేళ్ళకు గుడ్డ చుట్టుకుని, ఊపిరి బిగబట్టి, నీళ్ళలో మునిగి కోస్తారు. దాని మీదే ఇల్లు గడవాలి.

1986లో ఆ దీవులను జాతీయ పార్కు చేశారు. దాంతో ఆంక్షలు వచ్చాయి. నాచు మిగలాలి, బతుకు తెరువూ మిగలాలి. ఆ ఆడవాళ్ళే కూర్చుని కట్టుబాటు పెట్టుకున్నారు. నెలకు 12 రోజులే కోత. ఇనుప పనిముట్టుతో గీకకూడదు, చేత్తోనే కోయాలి. ఏప్రిల్ 15 నుంచి 45 రోజులు అసలు కోతే లేదు.

మరి డబ్బులు తగ్గవా అంటారా? మానేసిన రోజున తగ్గుతాయి. అయినా ఎందుకు ఒప్పుకున్నారు? నేను ఆగితే పక్కావిడ కోసుకుపోతుందన్న భయం ఉంటే ఎవరూ ఆగరు. అందరిదీ ఒకే మాటైతే ఆ భయం పోతుంది. వాళ్ళ నాయకురాలు, చిన్నపాలం లక్ష్మి గారికి 2015లో సీకాలజీ అనే అమెరికా సంస్థ బహుమతి ఇచ్చింది.

మన తాడేపల్లిగూడెంలో సముద్రం లేదు. కాలువ గట్లున్నాయి, ఇంకాస్త దూరంలో కొల్లేరుంది. కూరకి డబ్బుల్లేని రోజున తూటికూర ఎన్ని ఇళ్ళలో పొయ్యెక్కిందో మీకు తెలుసు. కొస గిల్లితే కణుపు దగ్గర మళ్ళీ చిగురేస్తుంది. వేరుతో పీకితే అక్కడితో సరి. పొదుపు చేసేవాళ్ళం, మనకొకరు చెప్పాలా? వేరు అసలు, చిగురు వడ్డీ.

అందుకని నేనడిగేది మూడు మాటలు. కొసలే గిల్లుదాం. ఒక గట్టు కోశాక చిగురేసేదాకా దాన్ని వదిలేద్దాం. మురుగు కలిసేచోట, చేపల చెరువుల నీళ్ళు వదిలేచోట, కలుపు మందు కొట్టిన గట్టున కోయొద్దు. ఆ కూర ఆ నీళ్ళలో ఉన్నదంతా పీల్చుకుంటుంది, తినేది మన పిల్లలే. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం కాబట్టి, అటువైపు సంఘాలు అటవీ శాఖ వారిని అడిగాకే దిగండి.

పంచసూత్రాలు ఎవరో చూస్తున్నారని పాటించడం లేదు కదా. ఇదీ అంతే. వచ్చే సమావేశంలో ప్రతి సంఘం తీర్మానం పుస్తకంలో రాసి, సభ్యులందరి చేత సంతకాలు పెట్టించాలని కోరుతున్నాను.

సెలవు.