మన వంటకు దిట్టం ఎవరు రాస్తారు?

(తిరుపతిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల సమావేశంలో డోనట్ల గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు మొదట నవ్వారు. తర్వాత ఒక అక్క, "సరేలే, తినడానికి కూడా తెస్తావా?" అని అడిగింది. తెచ్చాను. 8 మాత్రమే ఉన్నాయి, ఇంతమందికి చాలవు. ఎందుకు 8 మాత్రమే తేగలిగానో చెప్పడమే ఈ ప్రసంగం.

కొన్ని నెలల క్రితం చిత్తూరు జిల్లాలోని ఒక పట్టణంలో పొదుపు సంఘాల మహిళలకు జరిగిన శిక్షణకు నన్నూ పిలిచారు. గోడకు ఒక కాగితం అంటించి ఉంది. "ఇంట్లోనే సులువుగా బేక్డ్ డోనట్లు. 12 నిమిషాల్లో తయారు. తీరిక వేళల్లో ఆదాయం." డ్వాక్రా పథకం 1982లో మొదలైనప్పటి నుంచి ఆడవాళ్లకు నేర్పే పనుల్లో వంటింటిదే పెద్ద వాటా. అప్పడాలు, వడియాలు, ఊరగాయలు, మసాలా పొడులు అయిపోయి ఇప్పుడు కేకులు, డోనట్లు వచ్చాయి. వస్తువులు మారాయి గానీ 'సులువు', 'తీరిక' అనే రెండు మాటలు మాత్రం మారలేదు.

శిక్షణ మధ్యలో వెనక వరసలోని ఒకామె లేచి, "తీరికంటే ఎప్పుడు మేడమ్? నాకు చెప్పండి, ఆ టయానికి చేస్తా" అంది. అందరూ నవ్వారు. నేర్పే ఆమె కూడా నవ్వి తర్వాతి విషయానికి వెళ్లిపోయింది. జవాబు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇరవై ఏళ్లుగా స్త్రీల శ్రమ మీద పనిచేస్తున్న నాకు ఆ రోజు సిగ్గేసింది. అందుకే ఇంటికొచ్చి, గడియారం ముందు పెట్టుకుని డోనట్లు చేశాను.

ముందు పద్ధతి చెబుతాను, పనికొచ్చే విద్యే. పావుకిలో మైదా, 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని పాలు, ఒక చెంచా ఈస్టు, 40 గ్రాముల చక్కెర, 40 గ్రాముల వెన్న, ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు. పాలల్లో కాస్త చక్కెర వేసి ఈస్టు కలిపితే పది నిమిషాలకు నురగ వస్తుంది. పాలు మరీ వేడిగా ఉంటే ఈస్టు చచ్చిపోతుంది. అన్నీ కలిపి, పిండి చేతికి అంటుకోకుండా సాగేదాకా పావుగంట పిసకాలి. మూతపెట్టి గంటసేపు వదిలేస్తే రెండింతలవుతుంది. మన తిరుపతి ఎండాకాలంలో ఇంకా త్వరగానే పొంగుతుంది. అర అంగుళం మందాన ఒత్తి, గ్లాసుతో గుండ్రంగా, సీసా మూతతో మధ్యలో చిల్లు కోయాలి. మళ్లీ అరగంట పొంగనిచ్చి, 180 డిగ్రీల వేడిలో 12 నిమిషాలు కాల్చాలి. పైన కరిగిన వెన్న రాసి చక్కెరలో దొర్లించాలి. ఓవెన్ లేనివాళ్లు మందపాటి కుక్కర్‌లో అంగుళం మేర ఇసుకో ఉప్పో పోసి, గాస్కెట్, వెయిటు తీసేసి, పది నిమిషాలు వేడెక్కించి, లోపల స్టాండు మీద గిన్నె పెట్టి కాల్చుకోవచ్చు. నూనెలో వేయించిన దాని రుచి దీనికి రాదు. నిజం చెప్పాలంటే ఇది బన్నుకు దగ్గరి చుట్టం. చేసిన రోజే తినేయాలి.

ఇప్పుడు లెక్క. సామాను తీసి తూచడానికి 10 నిమిషాలు, పిసకడానికి 15, ఒత్తి కోయడానికి 15. మా చిన్న ఓవెన్‌లో ఒకసారికి నాలుగే పడతాయి కాబట్టి రెండు వాయిలకు 25. వెన్న, చక్కెర అద్దడానికి 10. గిన్నెలు, పలకలు కడిగి బండ తుడవడానికి 25. మొత్తం 100 నిమిషాలు. పొంగడం కోసం ఎదురుచూసిన గంటన్నర ఇందులో లేదు. ఆ గంటన్నరలో నేను బట్టలు ఆరేశాను, కూర తరిగాను, మా అత్తగారికి మాత్రలిచ్చాను. కాగితం మీద రాసిన 12 నిమిషాలు అబద్ధం కాదు. కాకపోతే అది ఓవెన్ సమయం. మనిషి సమయం ఆ కాగితంలో ఎక్కడా లేదు.

డబ్బు సంగతి చూద్దాం. సరుకులూ కరెంటూ కలిపి నాకు 70 రూపాయలైంది. ఒక్కోటి 15 రూపాయలకు అమ్మితే 8కి 120 వస్తుంది. మిగిలేది 50. వంద నిమిషాల పనికి 50 రూపాయలంటే గంటకు 30. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. ఎనిమిది గంటల పనిదినంగా లెక్కేస్తే గంటకు 37 రూపాయలు దాటుతుంది. అంటే ఎండలో మట్టి తవ్వే కూలి కంటే 'తీరిక వేళ ఆదాయం' తక్కువ. ఒకేసారి నాలుగింతలు చేస్తే గిట్టుతుంది కదా అని మీరు అడగవచ్చు. గిట్టుతుంది. కానీ దానికి పెద్ద ఓవెన్ కావాలి. దానికి అప్పు కావాలి. ఆ అప్పు ఎవరి పేరున, ఓవెన్ ఎవరి పేరున, అమ్మిన డబ్బు ఎవరి జేబులోకి అనే ప్రశ్నలు అక్కడే మొదలవుతాయి.

ఈ ఊళ్లో వంటను లెక్కగట్టడం కొత్తేమీ కాదు. మీకు తెలియనిది కాదు, కొండ మీద ప్రసాదాలకు 'దిట్టం' అని ఒకటుంది. ఎన్ని లడ్డూలకు ఏ సరుకు ఎంత అనే రాతపూర్వకమైన కొలత అది. 2001లో సవరించిన దిట్టం ప్రకారం 5100 లడ్డూలకు 803 కిలోల సరుకులు. శనగపిండి 180 కిలోలు, నెయ్యి 165, చక్కెర 400, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4. యాలకులతో సహా లెక్క ఉంది. తిరుపతి లడ్డూకు 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన డోనట్‌కు అసలైన చుట్టమైన వడ కూడా ఆ పోటులో తయారయ్యే ప్రసాదమే.

ఆ పోటులో వండేది మగవాళ్లు, అదీ వైష్ణవ బ్రాహ్మణులు. తరతరాలుగా ఆ పనికి మిరాసీ ఉండేది, అంటే వంశపారంపర్య హక్కు, వాటా. 1987 దేవాదాయ చట్టం మిరాసీలను రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. నేను ఆ హక్కు తిరిగి రావాలని అనడం లేదు, పుట్టుకతో వచ్చే హక్కులు పోవలసిందే. నేను గమనించమనేది వేరు. మగవాళ్లు చేసినప్పుడు వంట నైపుణ్యమైంది, ఆస్తి అయింది, కోర్టుల్లో వాదించదగిన హక్కయింది. అదే వడను బస్టాండు పక్కన తోపుడుబండి మీద ఒక ఆడమనిషి వేస్తే అది 'ఏదో బతుకుతెరువు'. ఇంట్లో వేస్తే అది అసలు పనే కాదు. ఆ పోటు దగ్గరే వకుళమాత సన్నిధి ఉంది. కొడుకు వంటను ఆ తల్లి ఇప్పటికీ కనిపెట్టుకుని చూస్తుందని భక్తుల నమ్మకం. నమ్మకంలో తల్లి ఉంది గానీ జీతాల పట్టీలో ఆడమనిషి లేదు.

నా పీహెచ్‌డీ కోసం చిత్తూరు జిల్లా పల్లెల్లో తిరిగినప్పుడు నా ప్రశ్నావళిలో మొదటి ప్రశ్న, 'మీరేం పని చేస్తారు?' చాలామంది జవాబు ఒక్కటే. "ఏం లేదు మేడమ్, ఊరికే ఇంట్లోనే ఉండాను." ఆ మాట చెబుతున్నప్పుడు కూడా వాళ్ల చేతులు ఊరికే లేవు. ఒకామె చింతపండు గింజ తీస్తోంది, ఒకామె ఆవుకు కుడితి కలుపుతోంది. నేను 'పని లేదు' అనే గడిలో టిక్కు పెట్టుకుని వచ్చాను. ఆ తప్పు దిద్దుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది.

ఇది మన దేశపు జబ్బు మాత్రమే కాదు. డోనట్‌కు చిల్లు పెట్టింది హాన్సన్ గ్రెగరీ అనే అమెరికన్ నావికుడని, 1847లో ఆ పని చేశాడని కథ చెబుతారు. ఆ కథలోనే పిండి కలిపి వేయించి ఇచ్చింది వాళ్లమ్మ. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, ఫ్రాన్స్‌లోని సైనికులకు సాల్వేషన్ ఆర్మీ స్త్రీలు కందకాల దగ్గర డోనట్లు వేయించి పెట్టారు. వాళ్లలో హెలెన్ పర్వియాన్స్, మార్గరెట్ షెల్డన్ పేర్లు మిగిలాయి. వాళ్ల గౌరవార్థం 1938 నుంచి అమెరికాలో 'డోనట్ దినం' జరుపుతున్నారు. ఈ మధ్యలో, 1920లో, న్యూయార్క్‌లో అడాల్ఫ్ లెవిట్ డోనట్లు చేసే యంత్రం తయారుచేశాడు, అది పెద్ద వ్యాపారమైంది. స్త్రీలకు ఒక పండగ రోజు దక్కింది, లాభం వేరే దారిన పోయింది.

మనకు ఇంకో ముడి కూడా ఉంది. బెంగళూరు దారిలో పలమనేరు వైపు వెళ్తుంటే 'అయ్యంగార్ బేకరీ' బోర్డులు కనిపిస్తాయి. అక్కడ కులం పేరే నమ్మకానికి గుర్తు. ఒక దళిత స్త్రీ తన కులం పేరు పెట్టి బేకరీ బోర్డు కట్టగలదా? 'ఇంటివంట' అన్న మాట వినగానే 'ఎవరింటి వంట' అనే ప్రశ్న మన ఊళ్లలో వెంటనే వస్తుంది. అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి ఒకే డోనట్ నేర్పినంత మాత్రాన అందరికీ ఒకే మార్కెట్ దొరకదు. శిక్షణ ఇచ్చే సంస్థలు ఈ సంగతి మాట్లాడకుండా 'మీరు కష్టపడలేదు' అని చివరికి ఆమె మీదే నెపం వేస్తాయి.

చట్టం ఏమంటోంది? 1988లో ఇలా భట్ అధ్యక్షతన వచ్చిన 'శ్రమశక్తి' నివేదిక ఇంటిదగ్గర పనిచేసే స్త్రీలను శ్రామికులుగా గుర్తించాలని చెప్పింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో గృహాధారిత పనిపై 177వ ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం దాన్ని ధ్రువీకరించలేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో 'గృహాధారిత కార్మికురాలు' అన్న నిర్వచనం ఉంది, కానీ అది ఒక యజమాని కోసం ఇంట్లో పనిచేసేవారికి. తనంతట తాను చేసి అమ్ముకునే మన డోనట్ల ఆమె స్వయం ఉపాధి కిందికి వెళ్తుంది. ఏ గడిలో ఉందో తెలియకపోతే ఏ హక్కు అడగాలో కూడా తెలియదు.

2019 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఆ పని మీద గడుపుతున్నారు. ఆ పని అసలు చేసేవారు స్త్రీలలో 81 శాతం, పురుషులలో 26 శాతం. 2021 జనవరిలో ఒక ప్రమాద పరిహారం కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ ఈ అంకెలనే ఉటంకిస్తూ ఇల్లాలి శ్రమకు విలువ కట్టాలని రాశారు. మంచి తీర్పు. అయితే ఆ విలువ ఆమె చనిపోయాకే లెక్కకు వచ్చింది. బతికుండగా ఎవరు లెక్కిస్తారు?

మనమే మొదలుపెట్టాలి. నా ప్రతిపాదన చిన్నది. మీ సంఘంలో ఏ వంటకం నేర్పినా, సరుకుల దిట్టం పక్కన శ్రమ దిట్టం కూడా రాయించండి. ఎన్ని నిమిషాల చేతిపని, ఎంత ఎదురుచూపు, ఎంత కడుగుడు, కరెంటు ఎంత, గంటకు కూలి ఎంత. ధర ఆ తర్వాతే. నా డోనట్‌కు కనీసం ఉపాధి కూలి కలిపితే అది 15 కాదు, 17 రూపాయలు. రెండు రూపాయలే తేడా, కానీ ఆ రెండు రూపాయలు ఇవ్వడానికి కొనేవాడు ఎందుకు వెనకాడుతున్నాడో అప్పుడు చర్చించవచ్చు. ఇక ఆహార భద్రతా చట్టం కింద చిన్న తయారీదారు నమోదును ఆమె పేరునే చేయించండి, భర్త పేరున కాదు. ఓవెన్ రసీదు, బ్యాంకు ఖాతా కూడా అంతే. 2021లో వచ్చిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో ఆమె పేరు ఉందో లేదో చూడండి. శిక్షణకు ఆమె వచ్చిన రోజున ఇంట్లో అన్నం ఎవరు వండారో అడగండి. ఆ జవాబు కూడా రిజిస్టర్‌లో రాయండి.

ఇక వెనక వరసలోని ఆమె ప్రశ్న. గత నెల మళ్లీ ఆ పట్టణానికి వెళ్లి ఆమెను కలిశాను. నా లెక్కల కాగితం చూపించాను. శ్రద్ధగా చూసి, "పిండి పొంగేటప్పుడు నువ్వు చేసిన పని యాడ రాసినావు మేడమ్?" అని అడిగింది. రాయలేదు. బట్టలు, కూర, మాత్రలు అన్నీ మీకు నోటితో చెప్పాను గానీ కాగితం మీద పెట్టలేదు. 90 నిమిషాలు 'ఖాళీ' అని రాసి ఉంది.

ఆ గడి ఇప్పుడు దిద్దాను. ఈ 8 డోనట్లను ముక్కలు చేసి అందరం పంచుకుందాం. తిన్నాక గిన్నెలు ఎవరు కడుగుతారో కూడా ఇప్పుడే అనుకుందాం.