గాంధారానికి నాలుగు అంగలా, ఎనిమిదా?

తంబూర మంద్ర షడ్జం మీటి చెవి ఒగ్గి వినండి. అందులోంచి అంతర గాంధారం సన్నగా పలుకుతుంది. ఒక స్థాయిని 1200 సెంట్లుగా కొలిస్తే అది 386 దగ్గర ఉంటుంది. హార్మోనియం మెట్టు మీద అదే గాంధారం 400. ఈ 14 సెంట్ల తేడా చిన్నదేం కాదు. రెండూ కలిసి మోగితే నాదం అలలు అలలుగా కొట్టుకుంటుంది.

పంచమం మీద పంచమం పేర్చి గాంధారాన్ని చేరుకోవచ్చు. స నుంచి ప, ప నుంచి రి, రి నుంచి ద, ద నుంచి గ: నాలుగు అంగలు. కానీ శుద్ధ పంచమం 702 సెంట్లు కాబట్టి గాంధారం 408కి ఎక్కిపోతుంది. 16వ శతాబ్దపు ఐరోపాలో ప్రతి పంచమాన్నీ 5 సెంట్లకు పైగా తగ్గించి, గాంధారాన్ని శుద్ధం చేసే పద్ధతి వచ్చింది. పంచమం కాస్త నలిగినా దారి దగ్గర.

ఇంకో దారుంది. శుద్ధ పంచమాలతోనే ఎనిమిది అంగలు కిందికి దిగి, వచ్చిన స్వరాన్ని మన స్థాయిలోకి తెచ్చుకుంటే 384. తేడా రెండే సెంట్లు! ఎప్పుడు తలచుకున్నా నాకిది అద్భుతమే. అయితే అంగలు పెరిగినకొద్దీ వాద్యానికి మెట్లూ పెరగాలి. ఈ దారిలోనే 1870లలో ఇంగ్లండులో బోసాంకే అనే ఆయన స్థాయికి 53 స్వరాల హార్మోనియం తీర్చాడు. పంచమాన్ని తగ్గించే నాలుగు అంగల దారి పట్టిన డచ్ భౌతిక శాస్త్రవేత్త ఫోకర్ 31 స్వరాల దగ్గర ఆగాడు. అందులో గాంధారం తేడా ఒక సెంటు లోపే, పంచమానిది 5. ఆయన ఆర్గన్ 1950లో హార్లెం నగరంలో వెలిసింది. చేతివేళ్లకు లొంగే వాద్యం కావాలంటే నా మొగ్గు 31 వైపే.