అప్పుడప్పుడూ లాగని పాత కారు

పాత ఎంపీఎఫ్ఐ పెట్రోలు కారు నడిపేవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. బండి చక్కగా పోతూ ఉంటుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఉన్నట్టుండి యాక్సిలరేటర్ తొక్కినా లాగదు. కాసేపటికి దానంతటదే సర్దుకుంటుంది. తీరా మెకానిక్ దగ్గరికి వెళ్తే ఏ లోపమూ కనిపించదు.

కాబట్టి ముందుగా మీరు గమనించండి. ఇంజను వేడెక్కాకే ఇలా అవుతోందా? ట్యాంకులో పెట్రోలు తగ్గినప్పుడా? గతుకుల్లోనా? ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. మెకానిక్‌కు అది సగం పని తగ్గిస్తుంది.

నా మొదటి అనుమానం పెట్రోలు సరఫరా మీదే. చాలా కార్లలో పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది. ఆ పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. ఎప్పుడూ రిజర్వులోనే నడిపితే పంపు వేడెక్కి త్వరగా పాడవుతుంది. ఇలాంటి ఇంజన్లలో ఇంజెక్టర్లకు సాధారణంగా 3 బార్ల దరిదాపుల్లో ఒత్తిడి అందాలి. గేజీ పెట్టి చూడవలసింది బండి బాగున్నప్పుడు కాదు, లాగనప్పుడు. అప్పుడు ఒత్తిడి పడిపోతే ఫిల్టరు, పంపు, దాని రిలే, వైర్ల కనెక్టర్లు పరీక్షించాలి. పడిపోకపోతే ఇగ్నిషన్ కాయిల్, క్రాంక్ సెన్సర్ చూడాలి. వేడికి మొరాయించి, చల్లారాక మామూలుగా పనిచేయడం వీటిలో తరచూ కనిపించే లోపం. చిలుము పట్టిన ఎర్త్ వైరును కూడా మరవొద్దు.

ఒత్తిడిలో ఉన్న పెట్రోలు పైపును మాత్రం మీరే విప్పకండి, నిప్పంటుకునే ప్రమాదం ఉంది. పంపు మార్చడానికి ఒప్పుకునే ముందు, ఒత్తిడి ఎంత వచ్చిందో మెకానిక్‌ను తప్పకుండా అడగండి.