విద్యుత్తు లెక్కలు – పౌరుల సలహా సంఘములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములు ఒక పల్లెలో పఠనమందిరము తలుపు మూయక నడచుట సామాన్యమైన పని గాదు. ఈ ఉత్సవమునకు నన్ను పిలిచినందులకు కృతజ్ఞుడను. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిన నాటినుండియు మన గ్రంథాలయోద్యమమునకు ఒక ఆశయము గలదు: ప్రజలు తమ వ్యవహారములను తాము తెలిసికొని నడపుకొనవలెను. ఆ ఆశయమును దృష్టియందుంచుకొని, అందఱి ఇండ్లలోనున్నను కొందఱికే తెలిసిన ఒక వ్యవహారమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. అది విద్యుత్తు లెక్క.

నగరపాలక సంస్థయే విద్యుత్తును ఉత్పత్తి చేసియో, కొనియో పౌరులకు పంచు నగరములు విదేశములందు పెక్కు గలవు. అచ్చట నిర్ణయించువారు ఎన్నికైన సభ్యులు, నడపువారు ఇంజనీర్లు. ఈ యిరువురి నడుమ కొన్నిచోట్ల సామాన్య పౌరులతో గూడిన ఒక సలహా సంఘముండును. ఆ సంఘము ఛార్జీలను పెంచలేదు, తగ్గింపలేదు. ఎవ్వరికిని ఉత్తరువు జారీ చేయలేదు. అధికారము లేని సంఘము వలన ప్రయోజనమేమని మీరడుగవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానముగా ఒక నగరపు కథ చెప్పెదను.

అమెరికా సంయుక్త రాష్ట్రముల వాయవ్య భాగమున, వాషింగ్టన్ రాష్ట్రములో, సియాటిల్ అను రేవు పట్టణము గలదు. 1902లో ఆ పట్టణపు ఓటర్లు సీడర్ నదిపై సొంత జలవిద్యుత్కేంద్రము నిర్మించుకొనుటకు అప్పు చేయ నంగీకరించిరి. 1905 నాటికి నగరపు సొంత విద్యుత్తుతో వీధి దీపములు వెలిగినవి. తరువాత స్కాగిట్ నదిపై గార్జ్, డయాబ్లో, రాస్ అను ఆనకట్టలు లేచినవి. నగర విద్యుచ్ఛాఖకు సియాటిల్ సిటీ లైట్ అని పేరు. నీటి విద్యుత్తు చౌకయగుటచే ఆ చలి ప్రదేశమున ఇండ్లను వెచ్చగా నుంచుకొనుటకు గూడ జనులు దానినే వాడుకొనసాగిరి.

1970 తరువాతి సంవత్సరములలో ఒక చిక్కు వచ్చినది. విద్యుత్తు వాడకము ఏటేట నూటికి ఏడు వంతున పెరుగునని ఆ ప్రాంతపు సంస్థలు అంచనా వేసినవి. నూటికి ఏడు వంతున పెరుగునది పదేండ్లలో రెట్టింపగును. ఆనకట్టలకు అనువైన చోట్లు చాలవఱకు తీరిపోయినవి. కావున వాషింగ్టన్ పబ్లిక్ పవర్ సప్లై సిస్టమ్ అను ఉమ్మడి సంస్థ ఐదు అణువిద్యుత్కేంద్రముల నిర్మాణమునకు పూనుకొన్నది. నాలుగవ, ఐదవ కేంద్రములలో వాటాలు తీసికొండని పట్టణములను ఆహ్వానించినది. తీసికొనుటయే మేలని సియాటిల్ విద్యుచ్ఛాఖ నగరసభకు సిఫారసు చేసినది.

నగరసభ వెంటనే సంతకము చేయలేదు. 1990 వఱకు నగరమునకు నిజముగా ఎంత విద్యుత్తు కావలసివచ్చునో తేల్చుటకు ‘ఎనర్జీ 1990’ అను పరిశోధన జరిపించినది. ఆ పరిశోధన శాఖవారి నాలుగు గోడల నడుమ సాగిపోకుండ, దానిని కనిపెట్టి చూచుటకు పౌరుల సంఘమొకటి ఏర్పడినది. వారడిగిన ప్రశ్నలు సామాన్యమైనవి. ఏడు వంతున పెరుగునను అంచనాకు ఆధారమేమి? ధర పెరిగినప్పుడు వాడకము తగ్గదా? ఇండ్ల పైకప్పులకును గోడలకును చలి చొఱకుండ పొరలు వేయించినచో ఎంత విద్యుత్తు మిగులును? మిగిల్చిన విద్యుత్తు ఖరీదెంత, క్రొత్తగా పుట్టించిన విద్యుత్తు ఖరీదెంత?

లెక్కలు తేలిన పిమ్మట, వాడకము శాఖవారు చెప్పినంత వేగముగా పెరుగదనియు, పొదుపు చౌకయైన మార్గమనియు స్పష్టమైనది. 1976లో నగరసభ ఆ రెండు కేంద్రములలో వాటా వలదని తీర్మానించి, పొదుపు మార్గమును పట్టినది.

వాటా గొన్న స్థానిక సంస్థలు 88. నిర్మాణ వ్యయము ఏటేట అంచనాలను మించిపోయినది. విద్యుత్తు అవసరము మాత్రము అనుకొన్నంత పెరుగలేదు. ఛార్జీలు పెరిగి అనేక పట్టణములలో ప్రజలు సభలు చేసి మొఱపెట్టిరి. 1982 జనవరిలో ఆ రెండు కేంద్రముల నిర్మాణము రద్దయినది. 1983లో ఆ సంస్థ 225 కోట్ల డాలర్ల ఋణపత్రములకు చెల్లింపు చేయలేక చేతులెత్తినది. అమెరికా దేశపు స్థానిక ప్రభుత్వ ఋణముల చరిత్రలో అప్పటికి అంతటి ఎగవేత లేదు. తమ జీవితకాలపు పొదుపును ఆ పత్రములలో నుంచిన వృద్ధులెందఱో నష్టపోయిరి. మొదటి మూడు కేంద్రముల భారము ఆ ప్రాంతపు ఫెడరల్ విద్యుత్ సంస్థ ద్వారా సియాటిల్ పై గూడ కొంత పడినది; కాని నాలుగవ, ఐదవ కేంద్రముల ఊబిలో ఆ నగరము దిగలేదు.

ఈ ఘనత యంతయు పౌరుల సంఘమునకే చెందునని నేననను. నగరసభ్యుల ఓర్పు, నిపుణుల శ్రమ, పర్యావరణ సంరక్షకుల పట్టుదల యన్నియు గలసినవి. కాని సలహా సంఘము ఎప్పుడు ఫలించునో, ఎప్పుడు అలంకారప్రాయమగునో ఈ కథ చక్కగా తెలుపుచున్నది. సంతకము కాక మునుపే అడుగవలెను. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొన్న ప్రయోజనము లేదు. ఇంజనీర్ల చేతనున్న లెక్క పౌరుల చేతికి గూడ రావలెను. అడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పవలసిన బాధ్యత పాలకులకుండవలెను. ఈ మూడింటిలో ఏది లోపించినను సంఘమున్నను లేనట్లే.

విద్యుత్తు శాస్త్రజ్ఞుల విషయము, చదువు చాలని వారికేల యని కొందఱందురు. తీగలో విద్యుత్తు ఎట్లు ప్రవహించునో చెప్పగలవాడు ఇంజనీరే. కాని ఏ ఋతువులో ఎన్ని గంటలు నీరు కావలెనో రైతునకు తెలియును. ఏ వేళ మగ్గమాగినచో కూలి పోవునో నేతగానికి తెలియును. ఎంత కావలెను, ఎప్పుడు కావలెను, ఎంత ధర ఓర్వగలమను మూడును బ్రతుకునకు సంబంధించిన ప్రశ్నలు. వానికి మనమే నిపుణులము.

ఇక మన సంగతికి వత్తము. మనకు విద్యుత్తు పురపాలక సంఘముల చేతిలో లేదు. రాష్ట్ర పంపిణీ సంస్థల చేతిలో నున్నది. సిరిసిల్లలో 1970లో పని ప్రారంభించిన సహకార సంఘము, వినియోగదారులే సభ్యులుగా, విద్యుత్తును పంచుచున్నది. 1998 నాటి సంస్కరణల చట్టము ననుసరించి 1999లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి ఏర్పడినది. 2014లో రాష్ట్రము విడిపోయిన తరువాత ఆంధ్రకును తెలంగాణమునకును వేర్వేఱు మండలులు గలవు. 2003 నాటి విద్యుచ్ఛట్టము ప్రకారము ప్రతి మండలికిని ఒక సలహా సంఘముండవలెను. అందు 21 మందికి మించకుండ వర్తకులు, పారిశ్రామికులు, వ్యవసాయదారులు, కార్మికులు, వినియోగదారులు మొదలగువారి ప్రతినిధులుందురు. విధాన విషయములందును, సరఫరా నాణ్యత యందును, వినియోగదారుల రక్షణ యందును మండలికి సలహా నిచ్చుట వారి పని.

ఆ సంఘములో మనకు చోటు దొరకక పోవచ్చును. కాని అదే చట్టము మఱియొక వాకిలి తెఱచినది. ఛార్జీలు నిర్ణయింపుడని కోరు సంస్థ తన కోరికను సంక్షిప్తముగా ప్రకటింపవలెను. ప్రజల సూచనలను, అభ్యంతరములను పరిశీలించిన పిమ్మటనే మండలి 120 దినములలో ఉత్తరువు చేయవలెను. బహిరంగ విచారణలో తెలుగున మాటలాడిన రైతులెందఱో గలరు.

2004 నుండి వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు గలదు గదా, ఛార్జీల గొడవ మనకేల యని తోచవచ్చును. ఉచితమనగా ఖర్చు లేదని యర్థము గాదు. ఆ సొమ్మును ప్రభుత్వము మన పన్నులనుండియే సంస్థలకు చెల్లించును. ఏ కేంద్రమునుండి ఎంత ధరకు ఎన్నేండ్లు విద్యుత్తు కొనుటకు ఒప్పందము జరుగునో, ఆ భారము మన పిల్లల కాలము వఱకు నడచును. అదియు గాక, ట్రాన్స్‌ఫార్మరు కాలినప్పుడు ఎన్ని దినములు ఎదురు చూచితిమో బిల్లు లేని రైతునకే బాగుగా తెలియును. ఇట్టి పనులకు మండలి గడువులు నిర్ణయించును; గడువు తప్పినచో పరిహారమును గలదు. అడుగనిదే అమ్మయైనను పెట్టదు.

ఇందు గ్రంథాలయము చేయదగిన సేవ గలదు. ఛార్జీల ప్రకటన పత్రికలో పడిన దినమున దానిని గోడకు అంటించి, సాయంకాలము నలుగురికి చదివి వినిపింపవచ్చును. ఒక నోటు పుస్తకము పెట్టి, విద్యుత్తు వచ్చిన గంటలు, పోయిన గంటలు, ట్రాన్స్‌ఫార్మరు కాలిన తేది, మార్చిన తేది, పగలు వెలుగుచున్న వీధి దీపముల సంఖ్య వ్రాసియుంచవచ్చును. ఏడాది పాటు తప్పక వ్రాసిన అట్టి పుస్తకమును చేతబట్టుకొని విచారణకు పోయిన మనిషి ‘మా ఊరిలో కరెంటు సరిగా లేదు’ అని ఊరకుండడు. తేదీలతో, గంటలతో చెప్పును. ఆవేశముతో చెప్పిన మాటను త్రోసివేయుట సులభము. లెక్కతో చెప్పిన మాటకు జవాబు వ్రాయక తప్పదు. సియాటిల్ పౌరుల బలము ఆ లెక్కయందే యుండినది.

ఈ పఠనమందిరము మఱి పెక్కు దశాబ్దములు వర్ధిల్లి, ఈ గ్రామ ప్రజలకు చదువుతో పాటు అడుగు ధైర్యమును గూడ ప్రసాదించుగాక యని కోరుచున్నాను.