ప్రాణహిత ఇసుకలో ఒక ఉదయం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఆసిఫాబాద్ వాళ్లకు సముద్రం దూరం. అయినా ఇసుకలో వట్టికాళ్లతో నడవాలనే సరదా ఉన్నవారికి కౌటాల మండలంలో తుమ్మిడిహెట్టి ఉన్నది. ముల్తాయి దగ్గర పుట్టిన వార్ధా, సివనీ జిల్లాలో పుట్టిన వైన్‌గంగ అక్కడ కలిసి ప్రాణహిత అవుతాయి. అవతలి ఒడ్డు మహారాష్ట్ర. 2022 ఏప్రిల్‌లో పుష్కరాల పన్నెండు రోజులూ జనంతో కిటకిటలాడిన ఆ రేవు మామూలు రోజుల్లో ప్రశాంతంగా ఉంటుంది.

మొన్న సంక్రాంతి వెళ్లాక నేనూ, మా ఆవిడా పోయినాము. ఆటోను ఊళ్లోనే ఆపి నడిచాము. పొడి ఇసుకలో నా మోకాళ్లు మొరాయించాయి. నీటి అంచున తడి ఇసుక గట్టిగా ఉండి నడక తేలికైంది. పిట్టల కాలిగుర్తులు తప్ప మనిషి అడుగు కనబడలేదు.

మా ఆవిడ కూర్చుని చేతులతో చెలిమె తవ్వింది. మొదట మడ్డిగా ఊరిన నీళ్లు రెండు మూడుసార్లు తోడేసరికి తేటపడ్డాయి. "చిన్నప్పుడు మా ఊరి వాగుల గిట్లనే తోడుకొని తాగేటోళ్లం. ఇప్పుడు ఆ వాగుల ఇసుకే లేకపాయె" అన్నది.

నాకు నోట మాట రాలేదు. రెవెన్యూ గుమాస్తాగా నేను ఏళ్ల తరబడి ఇసుక పర్మిట్ల ఫైళ్లు రాశాను. ఆమె పుట్టినూరి వాగువి కూడా అందులో ఉన్నాయి. ఎన్ని ట్రాక్టర్లు, ఎంత రుసుము అన్న కాలమ్‌లు తప్పు లేకుండా నింపాను. వాగులో ఇంకా ఎంత మిగిలిందన్న కాలమ్ ఆ రిజిస్టరులో లేదు. నేనూ అడగలేదు. వాన నీటిని పీల్చి ఎండాకాలం దాకా దాచేది ఇసుకే. అది పోతే ఒడ్డు బావులూ ఎండుతాయి. 2002లో వాల్టా చట్టం వచ్చి తవ్వకాలకు హద్దులు పెట్టింది. ఆ కాగితాన్ని ఫైలులో కుట్టాను గానీ, వాగు దగ్గరికి పోయి చూడలేదు.

మిత్రులారా, మనవలను తీసుకుని పొద్దున్నే ఒకసారి తుమ్మిడిహెట్టి వెళ్లండి. లోతు తెలియని నీళ్లలో దిగకండి. పిల్లలతో చెలిమె తవ్వించండి. తిరిగి వచ్చాక మీ ఊరి వాగునూ చూడండి. అక్కడ అడ్డగోలుగా తవ్వుతుంటే అర్జీ పెట్టండి. అర్జీ రాయడం మనకు బాగా తెలిసిన పని. మొదటి సంతకం నాది.

సెలవు.