కుక్క ఓకరించినపుడు

గోరంట్ల ప్రాంతమున వేరుశనగ కళ్లముల యొద్దను, గొఱ్ఱెల దొడ్ల యొద్దను కుక్క లేని కాపురము అరుదు. ఇంటివారు తిను సంగటియే దానికిని తిండి, వాకిలియే పడక. అట్టి కుక్క యొకనాటి ఉదయమున మెడ సాచి, నోరు తెరచి, డొక్కలు ఎగురవేయుచు ఓకరింప నారంభించును. ఏమియు బయటికి రాదు. వచ్చినను కొంచెము పచ్చని పసరో, తెల్లని నురుగో. ఇంటిల్లిపాదియు చేరి చెప్పు మాట ఒక్కటే: "గొంతులో ఎముక పడింది." వారిలో ధైర్యవంతుడొకడు దాని దవడలు పట్టుకొని, నోటిలో వ్రేళ్లు పెట్టబోవును. ఈ ప్రసంగము ముఖ్యముగా ఆ ధైర్యవంతుని కొఱకు.

పిచ్చికుక్క యనగానే మన మనస్సునకు తోచు రూపము వేరు. చొంగ కార్చుచు, వీధుల వెంట పరుగులెత్తుచు, అడ్డమైన వారినెల్ల కరచుచు పోవునదియే పిచ్చికుక్క యని మన నమ్మకము. అది నిజమే గాని, ఆ వ్యాధికి అది యొక్కటే రూపము కాదు. మూగరూప మొకటి కలదు. అందు కుక్క ఎవ్వరిని కరవదు. ఒక మూల చీకటిలో పడియుండును. మ్రింగెడు కండరములు పట్టుతప్పుటచే గుటక పడదు. క్రింది దవడ వ్రేలాడును. చొంగ కారును. మొఱుగు బొంగురువోవును. చూచువారికి అచ్చముగా గొంతులో ఎముక అడ్డుపడిన కుక్క వలెనే యుండును. పశువైద్యులు తమ విద్యార్థులకు ఈ పోలికను గూర్చి ప్రత్యేకముగ హెచ్చరించుట ఇందుకే.

ఇక్కడ మఱియొక అపోహను తొలగింపవలసి యున్నది. "నీళ్లకు పోతోంది కదా, పిచ్చి కాదులే" యని అనుచుందురు. నీటిని చూచి భయపడుట ఈ వ్యాధి సోకిన మనుష్యునకు కలుగు లక్షణము. కుక్కకు ఆ భయ ముండదు. అది నీళ్లగిన్నెలో మూతి పెట్టును, త్రాగ యత్నించును, మ్రింగలేకపోవును. కావున నీటిపరీక్షను నమ్ముకొనరాదు.

అట్టి కుక్క కరవనక్కరలేదు. దాని చొంగలో విషక్రిమి యుండును. మన వ్రేలిమీద ముల్లు గీచిన గాయమో, గోటిమొదట చీలిన చర్మమో యున్న చాలును. వ్యాధి లక్షణములు పైకి కనబడుటకు కొన్ని దినములు ముందే చొంగలో ఆ క్రిమి చేరియుండుట కద్దు. లక్షణములు మొదలైన కుక్క సాధారణముగా పది దినములలోపల చనిపోవును. మనుష్యునకు లక్షణములు మొదలైన పిమ్మట బ్రదుకుట దాదాపు లేనే లేదు. అందుచేత ఓకరించు కుక్కను చూచినపుడు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న "ఏమి తిన్నది?" అని కాదు, "గడచిన కొన్ని మాసములలో దీనిని మఱియొక కుక్కయో నక్కయో కరచినదా? దీనికి టీకా వేయించితిమా?" అని. కరచినదో లేదో తెలియకున్నను, టీకా లేకున్నను, చేయి నోటిలోనికి పోరాదు. దానిని గదిలో పెట్టి గడియవేసి, పశువైద్యునికి కబురంపవలెను.

ఇదివఱకే చేయి పెట్టినవా రెవరైన నున్నచో, వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడిగికొని, ఆరోగ్యకేంద్రమునకు పోవలెను. గాయముమీద చొంగ పడుటను వైద్యులు లోతైన కాటుతో సమానముగా నెంచుదురు. "బొడ్డుచుట్టు పదునాలుగు సూదులు" అను భయము మన పెద్దలనుండి మనకు సంక్రమించినది. అది 1911లో కసౌలిలో సెంపుల్ దొర రూపొందించిన పాత టీకాకు చెందిన మాట. దాని వాడకము మన దేశమున 2005 నాటికే నిలిచిపోయినది. ఇప్పటి టీకా భుజమునకు నాలుగైదు మారులు మాత్రమే వేయుదురు. సూదులకు జడిసి పసుపు, సున్నము పూసికొని ఊరకుండుట ప్రాణములతో చెలగాట మాడుటయే.

ఈ అనుమానము లేనిచో, మిగిలిన కారణములను నిదానముగా వెదకవచ్చును. ముందు చూపు, పిదప చేయి. దగ్గు వచ్చి వచ్చి తుదిని ఓకరించినచో అది ఊపిరిగొట్టమునకు పట్టిన జాడ్యము కావచ్చును. కడుపు కదలకుండ, తిన్నది తిన్నట్లుగా జారిపడినచో దోషము అన్నవాహికలో నుండును. డొక్కలు ఎగసి, పసరుతో వచ్చినదే నిజమైన వాంతి. పెద్దజాతి కుక్క మాటిమాటికి ఓకరించుచు ఏమియు కక్కలేక, పొట్ట తప్పెటవలె ఉబ్బినచో కడుపు మెలిపడినదేమో యని శంకింపవలెను. అప్పుడు గంటల లెక్కయే గాని దినముల లెక్క లేదు.

ధర్మవరము మగ్గముల ఇండ్లలో ఇంకొక చిక్కు కలదు. క్రింద పడిన పట్టుపోగును, జరీపోగును కుక్కపిల్ల ఆటలో మ్రింగును. ఒక కొస నాలుక మొదట చుట్టుకొని, రెండవ కొస ప్రేవులలోనికి దిగును. అట్టి దారము కనబడినపుడు లాగవలెనని ఎవరికైనను తోచును. లాగరాదు. ముడుతలు పడిన ప్రేవును అది రంపమువలె కోయును. శస్త్రచికిత్స తెలిసిన వైద్యుడే దానిని తీయవలెను. ఉడికిన కోడియెముకల సంగతి అందఱు ఎఱిగినదే. అవి పుల్లలవలె చీలి గ్రుచ్చుకొనును.

ఇక ఈ సీమకే చెల్లిన కారణమునకు వత్తును. కాయ ఊరు దినములలో వాన ముఖము చాటుచేసినను, పెరికిన చెట్టుమీద వాన కురిసినను వేరుశనగకు ఒక పసుపుపచ్చని బూజు పట్టును. ఆ బూజు పుట్టించు విషమునకు అఫ్లటాక్సిన్ అని పేరు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు కారణము తెలియక చచ్చినవి. వానికి మేపిన వేరుశనగ చెక్కను పరీక్షించగా ఈ విషము బయటపడినది. ఉడికించినను, వేయించినను ఇది నశింపదు. మన ఇండ్లలో గింజలు ఏరి, మంచివి అమ్మకమునకు, నడితరమువి గానుగకు పంపి, బూజుపట్టినవి పెరటిలో పారవేయుదురు. వానిని తిను జీవి ఏదో వేఱుగ చెప్పనక్కరలేదు. మొదట తిండి మానును, పిదప వాంతులు, తరువాత కన్నులు పచ్చబడి, పొట్టలో నీరు చేరును. అప్పటికి కాలేయము చెడియుండును.

ఇది కుక్కతోనే ఆగు విషయమైనచో నేను ఇంతగా చెప్పకపోదును. 1974లో రాజస్థానమునందలి బాంస్వాడా, గుజరాతునందలి పంచమహళ్లు జిల్లాలలో అకాలవర్షమునకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్నను తిని వందలాది గిరిజనులు కామెర్లతో మంచము పట్టిరి. లెక్కకు వచ్చిన 397 మంది రోగులలో 106 మంది మరణించిరి. ఆ ఇండ్ల తిండి తిన్న కుక్కలకును అదే వ్యాధి తగిలినది. ఆ ఉపద్రవమును పరిశోధించి కారణము తేల్చినవారిలో మన హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ముఖ్యులు. ఇంటికుక్క కారణము లేక వాంతులు చేసికొని, కన్నులు పచ్చబడినచో, ఆ యింటి గాదెను కూడ విప్పి చూడవలెను. గింజలో తేమ నూటికి 8 వంతులకు మించకుండ ఎండబెట్టి దాచుటయు, బూజుగింజను పారవేయక పూడ్చివేయుటయు మనకును కుక్కకును ఒకే కట్టుబాటు.

ఆముదపు చెక్కను చెట్లకు ఎరువుగా వేసినచోట కుక్క దానిని త్రవ్వి తినును. దానికి ఆ వాసన మక్కువ. మిక్కిలి ప్రమాదకరమైన విషమది. గన్నేరాకును, ఎలుకల మందును అట్టివే. వీనిని తిన్న జాడ కనబడినచో క్షణము జాగు చేయరాదు. ఉప్పునీళ్లు పోసి కక్కించు అలవాటు మాత్రము మానవలెను. ఉప్పే విషమగును, గొంతులో పోసినది ఊపిరితిత్తులలోనికి పోవును. మన జ్వరపు బిళ్లలు, నొప్పుల బిళ్లలు దానికి వేయరాదు.

కుక్కపిల్లల విషయమున ఆలస్యము తగదు. ఏలికపాములు పడినను అవి వాంతి చేసికొనును. అది మందుతో కుదురును. వాంతితోబాటు నెత్తుటి విరేచనములు కానవచ్చినచో పార్వో యను జాడ్యము కావచ్చును. 1978లో ప్రపంచమున క్రొత్తగా బయలుదేరిన ఈ జాడ్యము ఒకటి రెండు దినములలోనే పిల్లను ఎండగట్టి చంపును. ఆఱేడు వారముల వయస్సునుండి విడతలుగా టీకాలు వేయించుటయే దీనికి రక్ష.

ఎదిగిన కుక్క ఒకటి రెండు మారులు కక్కి, ఆపై తోక ఆడించుచు తిరుగుచున్నచో కంగారు వలదు. పచ్చిక మేసి కక్కుట దానికి పరిపాటియే. పండ్రెండు గంటలు తిండి ఆపి, నీరు కొంచెము కొంచెముగా నిచ్చి, పిమ్మట ఉప్పుకారములు లేని మెత్తని అన్నము పిడికెడేసి పెట్టిన చాలును. వాంతులు దినము దాటినను, నెత్తురు కనబడినను, చిగుళ్లు పాలిపోయినను, మెడమీది చర్మము పట్టి వదలినపుడు వెంటనే సర్దుకొనకున్నను పశువైద్యశాలకు తీసికొని పోవలెను. పోవునపుడు కక్కినదానిలో కొంత సీసాలోనికెత్తి, దగ్గఱ దొరికిన మందు పొట్లమును, కాయను, ఆకును వెంట తీసికొని పోవలెను. కుక్క నోరు లేనిది. వైద్యునకు ఆ సీసాయే సాక్ష్యము చెప్పును.