గేదెకు ప్రాణం మీదికి వచ్చినపుడు: పశువైద్యుల పునశ్చరణ శిక్షణతో మనకేమి పని?

(చీమకుర్తిలో పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ఉపన్యాస పాఠం)



మమ్మల్ని లెక్కల గురించి చెప్పమని పిలిచారు. లెక్కలే చెబుతాము గాని, ఈసారి లెక్క పశువుల డాక్టరు దగ్గర మొదలవుతుంది. మేము వైద్యులము కాము. సంఘాల పుస్తకాలు తనిఖీ చేయటం మా పని. అయితే ఆ పుస్తకాలలో వైద్యం సంగతి కనబడినంతగా ఇంకెక్కడా కనబడదు. పూటకు నాలుగు లీటర్లు పోసే సభ్యురాలి పేరు ఎదుట ఒక తేదీ నుండి వరుసగా గీతలే ఉంటాయి. అప్పుల రిజిస్టరు తిప్పితే, రెండు నెలల తరువాత అదే పేరు బకాయిల జాబితాలో ఉంటుంది. సెక్రటరీని అడిగితే "గేదె పోయిందండి" అంటాడు. ముసలిదై పోయిందా అంటే కాదు, రెండో ఈతది. రాత్రి నొప్పులు వచ్చి ఈనలేక పోయింది. లేదా మిరపచేలో మేసి వచ్చి తెల్లారేసరికి పోయింది. బీమా ఉన్నవారికి ఎంతో కొంత వస్తుంది. లేనివారికి అప్పు ఒక్కటే మిగులుతుంది.

ఇటువంటి చావుల్లో చాలావాటికి మందు ఉన్నది. ఆ మందు సమయానికి అందాలి, ఇచ్చే చేతికి అలవాటు ఉండాలి. సమయం సంగతి కొంత మెరుగుపడింది. 2022 మే 19న మన రాష్ట్రంలో తొలి విడతగా 175 సంచార పశువైద్య వాహనాలు బయలుదేరాయి. 1962 నంబరుకు ఫోను చేస్తే డాక్టరు, సహాయకుడు, డ్రైవరు కలిసి ఇంటి ముందుకు వచ్చే ఏర్పాటు అది. లేవలేని పశువును ఎక్కించటానికి బండిలో లిఫ్టు కూడా ఉన్నది. మంచిదే. అయితే నియోజకవర్గానికి ఒకటి రెండు బండ్లు, ఊళ్లు చూస్తే బోలెడు. మరి బండి వచ్చిన తరువాత జరిగేదంతా డాక్టరు చేతిలోనే ఉంటుంది.

గేదెల్లో గర్భసంచి మెలి పడటం సంగతి తీసుకోండి. ఆవులకన్నా గేదెల్లో ఇది ఎక్కువ. నెలలు నిండిన గేదె పడుకుంటుంది, లేస్తుంది, కాలితో పొట్ట తన్నుకుంటుంది, కాసేపు ముక్కి ఊరుకుంటుంది. ఉమ్మనీటి తిత్తి మాత్రం కనబడదు. మనవాళ్లు "ఇంకా టైం కాలేదులే" అని పొద్దుటిదాకా చూస్తారు. లోపల సంచి మెలి తిరిగి రక్తం ఆడక కమిలిపోతుంటుంది. డాక్టరు వచ్చి చెయ్యి పెట్టి, మెలి కుడికి పడిందా ఎడమకు పడిందా తేల్చాలి. ఏ వైపు పడిందో ఆ వైపుకే గేదెను పడుకోబెట్టి, డొక్క మీద పలక వేసి, పలక మీద మనిషిని నిలబెట్టి, కాళ్లు కట్టిన తాడు లాగి ఆ వైపుకే దొర్లించాలి. పలక లోపలి సంచిని కదలకుండా పట్టి ఉంచితే, బయట శరీరం తిరిగి మెలి విడుతుంది. దిక్కు తప్పితే ఉన్న మెలి ఇంకా బిగుస్తుంది. విడకపోతే ఆపరేషను ఒక్కటే దారి. గంటలు గడిచేకొద్దీ ఆ దారీ మూసుకుపోతుంది.

ఈ దిక్కు తేల్చటం పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. అనుభవమున్న వారి పక్కన నిలబడి, పది గేదెలకు చెయ్యి పెట్టి చూస్తే వస్తుంది. కళాశాలలో ఉండగా అటువంటి కేసులు నాలుగైదు చూసిన డాక్టరు, ఉద్యోగంలో చేరిన పదిహేనేళ్లకు అర్ధరాత్రి టార్చిలైటు వెలుగులో ఒంటరిగా ఆ పని చేయవలసి వస్తుంది. అందుకే పునశ్చరణ తరగతులు కావాలంటున్నాము.

మన ప్రాంతం పత్తి, మిరప పండే నేల. పురుగుమందు కొట్టిన చేలో మేయటం, మందు కలిపిన బకెట్టులో నీళ్లు తాగటం, గోమార్లు పోతాయని పొలం మందునే గేదె ఒంటికి పూయటం, ఈ మూడూ మన ఊళ్లలో ఉన్నవే. చొంగ కారుతుంది, కళ్లనీళ్లు, కండరాల వణుకు, పారుడు, ఆయాసం, కంటిపాప సూదిమొనంత చిన్నదవటం, ఇవి ఆర్గానోఫాస్ఫరస్ జాతి మందుల గుర్తులు. వాటికి విరుగుడు అట్రోపిన్. ఒక ఇంజెక్షను ఇచ్చి వెళ్లిపోతే చాలదు. పశువు తీరు చూస్తూ మళ్లీ మళ్లీ ఇవ్వవలసి ఉంటుంది. అయితే అన్ని పురుగుమందులకూ అట్రోపిన్ విరుగుడు కాదు. కనుక రైతు ఆ డబ్బానో సీసానో దాచకుండా డాక్టరుకు చూపించాలి. ఒంటికి పూసిన మందయితే ముందు సబ్బునీళ్లతో కడగాలి. వణుకుతున్న పశువుకు నూనె తాగించవద్దు. ఊపిరితిత్తుల్లోకి పోయి అదే చంపుతుంది.

ఇక జొన్న పిలకలు. ఎండకు గిడసబారిన జొన్న, వాన పడగానే వేసిన పిలకలు మేసి పశువు కూలటాన్ని పెద్దవాళ్లు "నాము" అనేవారు. అది సైనైడు విషం. నిమిషాలలో ప్రాణం పోతుంది. నైట్రేటు ఎక్కువైన మేత తిన్నా దాదాపు అట్లాగే ఆయాసపడి కూలుతుంది. చూపరులకు రెండూ ఒకటే. కాని మొదటిదానిలో నెత్తురు మరీ ఎర్రగా ఉంటుంది, రెండవదానిలో చాక్లెట్టు రంగులో ఉంటుంది. మొదటిదానికి సోడియం నైట్రైటు, హైపో కలిపి ఇస్తారు. రెండవదానికి మిథిలిన్ బ్లూ. అటుది ఇటు ఇచ్చారా, నైట్రేటు మేసిన గేదెకు నైట్రైటు ఎక్కిస్తే మనమే చంపినట్లు. ఈ తేడా పరీక్షకు చదివి మరచిపోయేది కాకూడదు, చేతికి అలవాటు కావాలి. ఈనిన రెండు మూడు రోజులలోపు మెడ డొక్కకు తిప్పి కూలబడే పాల జ్వరానికి కాల్షియం సెలైను పెట్టటం కూడా ఇటువంటిదే. నిదానంగా, గుండె చప్పుడు వింటూ ఎక్కిస్తే గేదె కళ్ల ముందే లేస్తుంది. తొందరపడి వదిలితే గుండె ఆగుతుంది.

ఇతర దేశాలలో ఈ అత్యవసర చికిత్స ఒక ప్రత్యేక శాఖగా ఎదిగింది. కుక్కలకు, పిల్లులకు ఆగిన గుండెను తిరిగి కొట్టించే పద్ధతులపై 2012లో మొదటిసారిగా అందరికీ ఒకే నిబంధనావళి వచ్చింది. అది మన గేదెలకు సరిపడేది కాదు. కాని ముందు దేనిని చూడాలి, తరువాత దేనిని అన్న వరుస పెట్టుకోవటం ఏ పశువుకైనా ఒకటే. బ్రిటనులో పశువైద్యులు ఏటా 35 గంటలు చదువు కొనసాగించాలన్న నియమం ఉన్నది. మన దేశంలో 1984 నాటి చట్టం ప్రకారం డాక్టర్లు పేరు నమోదు చేసుకొని, అయిదేళ్లకోసారి రుసుము కట్టి కొనసాగించుకుంటారు. రుసుము కట్టినంత మాత్రాన చేతికి అలవాటు రాదు గదా!

నేర్పే చోట్లు మనకు దగ్గరలోనే ఉన్నాయి. మన రాష్ట్రపు మొదటి పశువైద్య కళాశాల 1955లో వచ్చింది. తిరుపతిలోని కళాశాల అదే. గన్నవరంలో మరొకటి ఉన్నది. 2005 నుండి శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వీటిని నడుపుతున్నది. కళాశాలలకు అనుబంధమైన ఆసుపత్రులకు చుట్టుపక్కల ఊళ్ల నుండి కష్టమైన కేసులు వస్తుంటాయి. చెయ్యి తిరగాలంటే అక్కడే ఉండాలి.

ఇప్పుడు అసలు తగాదాకు వస్తాము. డాక్టరు శిక్షణకు పదిరోజులు పోతానంటే ముందు అడ్డం పడేది మన సభ్యులే. "ఆయన పోతే మా గొడ్ల గతేమిటి?" అని అర్జీలు పెడతారు. ఒక సంఘంలో ఈ విషయమై సర్వసభ్య సమావేశం సగం రోజు నడిచింది. అర్జీ పెట్టినవారి బాధ మాకు అర్థమవుతుంది. ఈతల కాలంలో డాక్టరు లేకపోవటం చిన్న సంగతి కాదు. అందుకని ఈతలు తక్కువగా ఉండే నెలల్లో, ఒకరి తరువాత ఒకరుగా, పక్క మండలం డాక్టరు చూసుకునే ఏర్పాటుతో పంపమంటున్నాము. ఒక్క నెలలో ఇద్దరిని పంపవద్దు.

డబ్బు మాట. లాభం మిగిలిన సంవత్సరం అంతా బోనసుగా పంచమని అడగటం సహజమే. అయితే సహకార సూత్రాలలో అయిదవది విద్య, శిక్షణ, సమాచారం. మన సంఘాలు దీనిని గోడమీది బోర్డుకే వదిలాయి. 1946లో పుట్టిన గుజరాతులోని ఖేడా యూనియన్ పాలు కొనటంతో ఆగక, పశువైద్యం, మేత, సంకరజాతి పనులు కూడా తనవిగా పెట్టుకున్నది. అక్కడి సభ్యులు మనకన్నా ధనవంతులేమీ కాదు. లీటరుకు కొద్ది పైసలు పక్కన పెడితే ఏడాదికి ఒక డాక్టరు శిక్షణ ఖర్చు, సంఘానికి ఒక అత్యవసర మందుల పెట్టె వస్తాయని మా అంచనా. చిన్న సంఘాలు రెండు మూడు కలిసి చేయవచ్చును.

ఒక్క డాక్టరుకే నేర్పితే చాలదు. 2019లో గ్రామ సచివాలయాలతో వచ్చిన పశుసంవర్ధక సహాయకులు, మన పాల కేంద్రంలో పనిచేసే కుర్రవాళ్లు ముందుగా గేదె దగ్గరకు చేరేవారు. ఏ గుర్తు కనబడితే వెంటనే ఫోను చేయాలి, డాక్టరు వచ్చేలోగా ఏమి చేయకూడదు అన్నవి వీరికి ఒక పూటలో చెప్పవచ్చు. కడుపు ఉబ్బిన గేదెను పడుకోనీయకుండా నిలబెట్టటం, కూలబడిన గేదెను ఒక పక్కకు వాలిపోకుండా గడ్డిమూటలతో ఆనించటం వంటివి ఎవరైనా చేయగలరు. ఫోనులో మాత్రం గేదె వయసు, ఎన్నో ఈత, ఎప్పటి నుండి, ఏమి మేసింది అన్నవి చెప్పాలి. "గేదె బాగోలేదు, త్వరగా రండి" అంటే డాక్టరు ఏ మందు తెచ్చుకోవాలి?

తీర్మానం నమూనా సెక్రటరీలకు ఇచ్చాము. అందులో ఖర్చు పద్దు, ఎవరిని ఏ నెలలో పంపాలి, ఆ రోజుల్లో ఎవరు చూస్తారు అన్న మూడు ఖాళీలు ఉన్నాయి. వచ్చే సర్వసభ్య సమావేశానికి ముందే వాటిని నింపి, నోటీసు బోర్డుమీద పెట్టండి. మూడవ ఖాళీ నింపకుండా మొదటి రెండూ పాసు చేయించవద్దు. ఇక మీ ప్రశ్నలు అడగవచ్చును. బోనసు లెక్కలు ఆ తరువాత చదువుతాము.